అంగారకుడి మీద గాలి కరెంటుతో బతకాలంటే ఊరు ఎక్కడ కట్టాలి?

గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: కాలేజీ పోటీకి అంగారకుడి మీద ఆరుగురు ఉండే ఆవాసానికి చోటు ఎంచాలి. కరెంటు ముఖ్యంగా గాలి నుంచే రావాలి. వాళ్ళ బృందం ఒలింపస్ మాన్స్ శిఖరం అనుకుంది. "మహేంద్రగిరి ఎక్కితే గాలి ఎలా కొడుతుందో మనకు తెలుసు కదా, అక్కడ కొండ ఇంకా ఎత్తు, గాలీ ఇంకా ఎక్కువే ఉంటుంది" అని వాళ్ళ లెక్క. అది సరైనదేనా, అక్కడి తుఫానులకు గాలిమర నిలుస్తుందా అని రెండు ప్రశ్నలు.

నాది పర్లాకిమిడి. గాలిమర పెట్టబోయే ముందు అక్కడి గాలిని కొలిచే పని నాది. సతారా పీఠభూమి మీద, ధూలే వైపు, అనంతపురం కొండల్లో మాస్టులు (గాలిని కొలిచే పొడవాటి స్తంభాలు) ఎత్తాను. మన గజపతి, రాయగడ కొండ ఊళ్ళలో సోలారూ గాలీ కలిపి నడిపే చిన్న యూనిట్లకు చోట్లు చూశాను. అంగారకుడి సంగతి చాలాకాలంగా ఇష్టంగా చదువుతున్నాను, అందుకే ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

శిఖరం వద్దు తమ్ముడూ. ఉత్తరార్ధంలో 40 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల, పల్లపు మైదానం ఎత్తు నేలను కలిసే చోట, కింద మంచు ఉన్న ఏటవాలు అంచు ఒకటి చూసుకోండి. పేరు చెప్పమంటే నా ఓటు డ్యూటెరోనిలస్ మెన్సేకి. గాలిమరలు అంచు మీద, మనుషులు అంచు కింద. ఎంత మంచి చోటు దొరికినా గాలి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సోలారు, బ్యాటరీ, ఒక చిన్న అణు యూనిట్ తోడుండాలి.

ఇక కారణాలు.

గాలిలో ఉండే శక్తి మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, రెక్కలు ఊడ్చే వైశాల్యం, వేగం. వేగాన్ని ఘనం చేస్తాం కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. భూమి మీద సాంద్రత ఊరూరికీ పెద్దగా మారదు కనుక అలా చూసినా చెల్లుతుంది. అంగారకుడి మీద చెల్లదు. మన సముద్ర మట్టం దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగితే, అక్కడ దాదాపు 0.02 కిలోలు. అంటే అరవయ్యో వంతు. ఇక్కడ వచ్చే కరెంటే అక్కడా రావాలంటే గాలి దాదాపు నాలుగు రెట్ల వేగంతో వీచాలి.

అంకెల్లో చూద్దాం. 33 మీటర్ల వ్యాసం ఉన్న రోటరు తీసుకోండి, మన దగ్గర అది 330 కిలోవాట్ల తరగతి యంత్రం. అంగారకుడి మీద 10 మీటర్ల వేగానికి (ఈ జవాబులో వేగం అంటే సెకనుకు మీటర్లు) దాని నుంచి మూడున్నర కిలోవాట్లు వస్తే గొప్ప. 15 మీటర్లకు పదకొండు, 20 మీటర్లకు ఇరవై ఏడు. గాలిలో ఉన్నదాంట్లో 40 శాతం పట్టగలమన్న అంచనాతో వేసిన లెక్క ఇది. బెట్జ్ పరిమితి 59.3 శాతం, ఏ యంత్రమూ దాన్ని దాటదు.

ఇప్పుడు మీ ఒలింపస్ మాన్స్ సంగతి. దాని ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. అంగారకుడి మీద 11 కిలోమీటర్లు పైకి వెళ్ళేసరికి గాలి మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. 22 దగ్గర ఏడెనిమిది వంతుల్లో ఒక వంతే. అసలే అరవయ్యో వంతు ఉన్న గాలి అక్కడ మళ్ళీ అంత పలచబడితే, కింద వచ్చే కరెంటే పైన రావాలంటే వేగం రెండింతలు కావాలి. మహేంద్రగిరి 1,501 మీటర్లు. మన శిఖరం మీద సాంద్రత పది, పదిహేను శాతం తగ్గుతుంది, వేగం పెరిగి ఆ లోటు తీరుస్తుంది. ఆ అనుభవాన్ని 22 కిలోమీటర్ల కొండకు అప్పజెప్పకూడదు. పైగా దిగడమే కుదరదు. అంతరిక్ష నౌక వేగం తగ్గాలంటే కింద కాస్త గాలి ఉండాలి. మనుషుల యాత్రకు చోట్లు ఎంచడానికి నాసా 2015 అక్టోబరులో హ్యూస్టన్‌లో మొదటి సమావేశం పెట్టినప్పుడే హద్దులు గీశారు: అక్షాంశం రెండువైపులా 50 డిగ్రీల లోపు, ఎత్తు అక్కడి సున్నా మట్టానికి (మన సముద్ర మట్టం లాంటిది) 2 కిలోమీటర్లకు మించకూడదు. ఆ హద్దుల్లో 47 చోట్లు ప్రతిపాదనకు వచ్చాయి. మీ పోటీకి ఆ జాబితా దగ్గర మొదలుపెట్టడం మేలు.

ఏడాది సగటు గాలి కన్నా, మీకు వేరే కరెంటు లేని గంటల్లో వీచే గాలి ముఖ్యం. నా జవాబు మొత్తంలో మీరు పట్టుకోవాల్సింది ఇదొక్కటే.

మన కొండ ఊళ్ళలో కళ్ళం ఎక్కడ వేస్తారో గమనించారా? ఊళ్ళో గాలి ఎక్కువగా కొట్టే గుట్ట మీద వెయ్యరు. నూర్పు అయ్యాక తూర్పారబట్టే పొద్దుకి, సాయంత్రం కొండ మీంచి గాలి దిగే దారిలో వేస్తారు. మధ్యాహ్నం ఎంత ఈదర కొట్టినా అది వాళ్ళ లెక్కలోకి రాదు.

నా పనిలో ఒకటి చెప్తాను. మన సరిహద్దు కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలకు సోలారు ప్యానెళ్ళు, ఒక చిన్న గాలిమర పెట్టారు. పెట్టిన సంస్థ సగటు ఎక్కువ ఉందని గాలిమరను గుట్ట నెత్తిన నిలబెట్టింది. అక్కడ గాలి ఎండవేళే ఎక్కువ. మధ్యాహ్నానికి ప్యానెళ్ళతోనే బ్యాటరీ నిండిపోయేది, గాలిమర ఊరికే తిరిగేది. రాత్రి తొమ్మిది దాటితే హాస్టల్లో దీపాలు ఎర్రబడేవి. నన్ను పిలిచాక, గుట్టకూ పక్క కొండకూ మధ్య ఉన్న కనుమలో మాస్టు పెట్టి కొలిచాను. సగటు గుట్ట మీద కన్నా తక్కువే వచ్చింది. కానీ పొద్దు గుంకాక కొండల మీది చల్లగాలి ఆ కనుమలోంచే జారేది, తెల్లవారే దాకా ఆగేది కాదు. గాలిమరను అక్కడికి మార్చాక పిల్లలు తెల్లవారుజామున దీపం వెలుగులో చదువుకున్నారు.

అంగారకుడి మీద ఇదే సూత్రం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. గాలి పలచన కాబట్టి నేల పగలు త్వరగా వేడెక్కి, రాత్రి త్వరగా చల్లారుతుంది. పగటికీ రాత్రికీ 70, 80 డిగ్రీల తేడా మామూలు. అందుకే ఏటవాళ్ళ మీద పగలు గాలి పైకి పాకుతుంది, రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకుతుంది. ఉల్కాబిలాల అంచులు, అగ్నిపర్వతాల పక్కలు, పెద్ద గట్లు అన్నిచోట్లా ఇదే కథ. రాత్రి సోలారు సున్నా, గాలి నిండుగా. మనకు కావాల్సిందీ అదే. చల్లటి గాలి సాంద్రత కూడా కాస్త ఎక్కువ, అదొక కొసరు లాభం.

రుతువుల లెక్కా చూడండి, ఉత్తరార్ధం అని నేను ఎందుకన్నానో తెలుస్తుంది. అంగారకుడి కక్ష్య గుండ్రంగా లేదు. ఉత్తరాన శీతకాలం వచ్చేసరికి గ్రహం సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది. అందుకని ఆ శీతకాలం 154 అంగారక దినాల్లో ముగుస్తుంది. దక్షిణాన శీతకాలం 178 దినాలు, అదీ సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు. చీకటి రోజులు తక్కువ ఉన్న వైపు ఉండటం మంచిది కదా. అయితే ధూళి తుఫానుల కాలం కూడా ఈ ఉత్తర శీతకాలం చుట్టూనే పడుతుంది. అంటే సూర్యుడు దిగువన ఉంటాడు, పైగా ఆకాశం మూసుకుపోతుంది. సోలారుకు అదే గడ్డుకాలం. ఆ రోజుల్లోనే ఉత్తర మధ్య అక్షాంశాల్లో గాలులు బలంగా ఉంటాయి.

ధూళి సోలారును ఏం చేస్తుందో రెండు యంత్రాలు చూపించాయి. గ్రహమంతా కమ్మిన తుఫానులో ఆపర్చ్యూనిటీ రోవరు 2018 జూన్ 10 తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. ఇన్‌సైట్ ల్యాండరు ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకుని 2022 డిసెంబరులో ఆగిపోయింది. యంత్రం పోతే బాధపడతాం, మనుషులున్న ఇంటికి అలా జరగకూడదు. అందుకే గాలి మీద మీ ఆసక్తి నాకు చాలా సంతోషం కలిగించింది.

మీరు తప్పక చూడాల్సిన పరిశోధన ఒకటుంది. నాసా ఏమ్స్ కేంద్రంలో విక్టోరియా హార్ట్‌విక్ బృందం అంగారక వాతావరణపు కంప్యూటర్ నమూనాతో గ్రహమంతటా గాలి వనరును లెక్కగట్టి 2022లో నేచర్ ఆస్ట్రానమీలో ప్రచురించింది. ఆరుగురి యాత్రకు 24 కిలోవాట్లు కావాలని పెట్టుకున్నారు. సోలారు ఒక్కటే ఉంటే ఆ అంకె దాటేది దాదాపు 40 శాతం సమయమే, గాలిమర కూడా కలిస్తే 60 నుంచి 90 శాతం దాకా పోతుందని తేల్చారు. ఈ అంకె చెప్పేది రెండు విధాలుగా చదవాలి. గాలి ఎంత సాయమో తెలుస్తుంది. మంచి చోట కూడా పదో వంతు సమయం లోటు ఉంటుందనీ తెలుస్తుంది. ఆ పదో వంతులో ఊపిరి ఆగకూడదు కాబట్టే అణు యూనిట్ అన్నాను. 2018లో అమెరికాలో క్రస్టీ అనే చిన్న రియాక్టరును నేల మీద నడిపి చూశారు, ఒకటి నుంచి 10 కిలోవాట్ల తరగతికి ఉద్దేశించిన నమూనా అది. నీళ్ళు, గాలి, వేడి నడిచేంత కరెంటు దాని నుంచి తీసుకుని, మిగతా పనంతా గాలికీ ఎండకూ వదలండి.

డ్యూటెరోనిలస్ మెన్సే ఎందుకు? దక్షిణపు ఎత్తు నేల ఉత్తరపు పల్లపు మైదానంలోకి దిగే సరిహద్దు అది. బల్లల్లా నిలబడ్డ గుట్టలు, వాటి మధ్య లోయలు. గుట్టల పాదాల చుట్టూ రాళ్ళూ మట్టీ కప్పుకుని హిమానీనదాలున్నాయని కక్ష్యలోంచి రాడార్‌తో చూసి చెప్పారు. నీళ్ళు దగ్గర, నిటారు గట్లు దగ్గర, నేల పల్లంగా ఉంది కాబట్టి గాలి కాస్త చిక్కన, దిగడానికి అనువు. పై నుంచి వచ్చే రేడియేషన్‌కు పల్లపు నేల మీద అడ్డం కాస్త ఎక్కువ, ఒక పక్క గట్టు ఉంటే ఆ పక్క ఆకాశం కూడా మూసుకుంటుంది. ఇవన్నీ ఒకే చోట దొరకడం అరుదు.

హెల్లాస్ అనే పెద్ద పల్లం గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ఏడు కిలోమీటర్ల లోతున్న ఆ పళ్ళెంలో గాలి పీడనం గ్రహం సగటుకు దాదాపు రెండింతలు. మొదట చూస్తే అదే సరైన చోటు అనిపిస్తుంది. కానీ అడుగున నేల చదును, రాత్రి జారుగాలులు పళ్ళెం అంచుల్లోనే బలంగా ఉంటాయి. ధూళి తుఫానులు పుట్టే చోట్లలో అదొకటి. దక్షిణాన ఉంది కాబట్టి పొడుగు శీతకాలం. అంతగా కావాలంటే దాని తూర్పు అంచు చూడండి, అక్కడా కప్పుకున్న హిమానీనదాలున్నాయి. రెండో ఎంపికగా పెట్టుకోవచ్చు. శుక్రుడి మాట మాత్రం ఎత్తకండి. అక్కడ గాలి మన గాలి కన్నా యాభై రెట్లు చిక్కన, మెల్లగా వీచినా బోలెడు శక్తి, కానీ 460 డిగ్రీల వేడిలో 1982లో దిగిన వెనీరా 13 పనిచేసింది రెండు గంటల పైచిలుకే.

చోటు ఎంచేటప్పుడు కొలతలను ఎంతవరకు నమ్మాలన్నది నా వృత్తికి సంబంధించిన ముక్క, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

మన దగ్గర ఏ బ్యాంకూ ఒక ఏడాది మాస్టు డేటా లేకుండా గాలిమరకు అప్పివ్వదు. ఆ డేటా మీద కూడా నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టను. ఒకసారి ధూలే వైపు ఒక మాస్టులో పైన ఉన్న అనిమోమీటరు (చిన్న కప్పులు తిరిగి గాలి వేగాన్ని కొలిచే పరికరం) రోజుల తరబడి సున్నా చూపిస్తోంటే ఎక్కి చూశాం. కప్పుకూ ఇరుసుకూ మధ్య కందిరీగ మట్టిగూడు కట్టింది, గోటితో గీకితే ఎండిన మట్టి పెళ్ళలుగా రాలింది. కింద ఉన్న రెండో అనిమోమీటరు తిరుగుతూనే ఉంది కాబట్టి పట్టుబడింది. అందుకే ఒకే ఎత్తులో ఉన్న ఒకే పరికరాన్ని నమ్మకూడదంటాం. అంగారకుడి మీద పరిస్థితి ఇంకా కష్టం. క్యూరియాసిటీ రోవరు గాలి సెన్సారు 2012లో దిగేటప్పుడే దెబ్బతింది. పర్సివరెన్స్ రోవరు సెన్సారును గాలికి ఎగిరిన గులకలు పాడుచేశాయి. వైకింగ్ ల్యాండరు కొలిచింది నేలకు 1.6 మీటర్ల ఎత్తులో. మీ గాలిమర ఇరుసు 50 మీటర్ల మీద ఉంటుంది.

ఈ ఎత్తు తేడా చిన్న విషయం కాదు. చల్లటి రాత్రి నేలను అంటుకున్న గాలి పొర స్తంభించిపోతుంది, దాని మీదుగా పై గాలి జారిపోతుంది. సతారాలో రాత్రిపూట మాస్టు కింద నిలబడితే చొక్కా కదలదు, పైన కప్పులు గిర్రున తిరుగుతుంటాయి. కాబట్టి ల్యాండరు "రాత్రి గాలి లేదు" అని చెబితే, అది నడుము ఎత్తు మాట అని గుర్తుంచుకోండి. అలాగే వాతావరణ నమూనాలో ఒక గడి అంటే పదుల, వందల కిలోమీటర్లు. మీ గట్టు వెడల్పు ఒకటో రెండో కిలోమీటర్లు. నమూనా జిల్లాను చూపిస్తుంది, పొలాన్ని చూపించదు. జిల్లాను నమూనాతో ఎంచి, పొలాన్ని ఎత్తుల పటం చూసి ఎంచండి. ఇసుక దిబ్బలు, గాలి గీతలు ఫోటోల్లో కనిపిస్తాయి కదా, అవి ఎటు వాలితే బలమైన గాలి అటే పోతోందన్నమాట. నేను కొత్త కొండకు వెళితే ముందు చెట్లు ఎటు వంగాయో చూస్తాను. అక్కడ చెట్లు లేవు, దిబ్బలున్నాయి.

రెండో ప్రశ్న, తుఫానుకు గాలిమర నిలుస్తుందా? నిలుస్తుంది, తోపుడు గురించి భయం వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా ఏమైపోయిందో మీరు చూసే ఉంటారు. అప్పటి గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. అంత వేగంతో అంగారకుడి మీద వీచినా, మన దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి తోసినంతే తోస్తుంది. గురుత్వం కూడా మన దాంట్లో 38 శాతమే. కాబట్టి స్తంభం, పునాది తేలికగా చేయొచ్చు.

కష్టం వేరే చోట ఉంది. తోపుడు తక్కువంటే గాలిమర కదలడమే కష్టం. మన యంత్రం 3 మీటర్ల గాలికి తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని అలాగే ఎత్తుకెళ్ళి అక్కడ నిలబెడితే, అంతే తోపుడు రావడానికి 23 మీటర్ల గాలి కావాలి. మైనస్ 90 డిగ్రీల రాత్రిలో గ్రీజు గట్టిపడితే అదీ చాలదు. కనుక గేరుబాక్సు లేకుండా, రాపిడి బాగా తగ్గించి, వెడల్పాటి తేలిక రెక్కలతో కొత్తగా చెయ్యాల్సిందే. రెక్క కొన వేగానికీ హద్దుంది. అక్కడ ధ్వని వేగం దాదాపు 240 మీటర్లు. గాలికి ఏడు రెట్ల వేగంతో కొన తిరిగే రోటరు అయితే, 30 మీటర్ల తుఫాను గాలిలో కొన 210కి చేరుతుంది. అక్కడికి రాకముందే రెక్కలు తిప్పి ఆపాలి. పలచటి గాలిలో రెక్క పనిచేస్తుందా అన్న సందేహం మాత్రం 2021 ఏప్రిల్ 19న ఇంజెన్యుటీ హెలికాప్టరు అంగారకుడి మీద ఎగిరినప్పుడే తీరిపోయింది.

ఎవరూ రాయని ఒకటి, ఎర్తింగ్. మనం గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోస్తాం. అక్కడి నేల ఎముకలా ఎండినది, గడ్డకట్టిన మంచు కరెంటును పోనివ్వదు. గాలికి రాచుకున్న ధూళి కణాలు విద్యుదావేశం పట్టుకుని వస్తాయి. పైగా అంత తక్కువ పీడనంలో కొద్ది వోల్టేజీకే తీగల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. కాబట్టి గాలిమరకూ ఇంటికీ మధ్య దూరం పెంచి, హై వోల్టేజీ లాగుదాంలే అనుకోకండి. గట్టు నెత్తికీ పాదానికీ మధ్య కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇంకొకటి: మంచు మీద వెచ్చని ఇల్లు నేరుగా కట్టొద్దు. కింద మంచు ఆవిరై నేల కుంగుతుంది. హిమానీనదానికి నడిచి వెళ్ళేంత దగ్గరలో, గట్టి రాతి మీద కట్టండి.

రిపోర్టులో ఏడాది సగటు ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి. దాని బదులు ఉత్తర శీతకాలం నడుమ, ధూళి తుఫాను ఉన్న ఒక్క రోజు తీసుకుని, అక్కడి రోజు పొడుగైన 24 గంటల 39 నిమిషాలకు గంట గంటకూ పట్టిక వేయండి: ఎంత కావాలి, ఎండ ఎంత ఇస్తుంది, గాలి ఎంత, బ్యాటరీలో ఎంత మిగిలింది. ఆ రోజు గట్టెక్కితే మీ చోటు మంచిదే.

దాంతోపాటు మనుషుల కన్నా ముందు మాస్టు పంపే ప్రణాళిక కూడా రాయండి. ప్రయాణానికి అనువైన సమయం 26 నెలలకు ఒకసారి వస్తుంది, దారిలో ఏడు నెలలు పోతాయి. అంగారకుడి ఏడాది మన లెక్కలో 687 రోజులు. మొదటి విడతలో మాస్టు వెళితే, పూర్తి ఏడాది డేటా చేతికొచ్చేసరికి దాదాపు 30 నెలలు అవుతుంది, రెండో విడత అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి గాలిమరలు మూడో విడతలో, అవి తిరగడం చూశాక మనుషులు నాలుగో విడతలో.